బలం దాచుకున్న చేతులు

భుజం పట్టేసిందని వచ్చిన మనిషిని మంచి ఫిజియోథెరపిస్టు చెయ్యి పైకెత్తమని ముందే అడగరు. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని ముందుకు మడిచి పెట్టమంటారు. మోచెయ్యి పక్కకు జరగకుండా ఒక చేత్తో ఆపి, రెండో చేత్తో ముంజేతిని మెల్లగా బయటి వైపు తిప్పుతారు. మామూలు భుజమైతే సుమారు 60 డిగ్రీలు తిరుగుతుంది. ఫ్రోజెన్ షోల్డర్ ముదిరిన భుజం పదీ ఇరవై డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మనిషి తనంతట తాను తిప్పుకున్నా అక్కడే ఆగుతుంది, ఎదుటివాళ్లు తిప్పినా అక్కడే. గుర్తు పట్టడంలో సగం పని ఈ ఒక్క కదలికతో అయిపోతుంది. కండరం తాడు తెగినవాళ్లయితే తమంతట తాము చెయ్యి ఎత్తలేరు గానీ ఇంకొకరు ఎత్తితే లేస్తుంది. ఇక్కడ ఎవరెత్తినా లేవదు. ఎక్స్‌రే తీయించేది దీన్ని చూడటానికి కాదు, ఇందులో అది శుభ్రంగానే ఉంటుంది. కీలు అరిగిపోయినా, ఎముక వెనక్కి జారి ఇరుక్కున్నా ఇదే కదలిక ఆగుతుంది కాబట్టి ఆ రెండూ కావని తేల్చుకోవడానికి తీయిస్తారు.

రాయచోటి చుట్టుపక్కల దీన్ని రెట్ట పట్టేసిందనో, చెయ్యి లేవడం లేదనో చెప్పుకుంటారు. గాలివీడు నుంచో, లక్కిరెడ్డిపల్లె నుంచో, చిన్నమండెం నుంచో బస్సు దిగి వచ్చే మనిషి అప్పటికే ఆముదం రాసి, ఉప్పు కాపడం పెట్టి, నొప్పి బిళ్లలు మింగి ఉంటారు. వయసు నలభైకీ అరవైకీ మధ్య, మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ. షుగరు ఉన్నవాళ్లకు ఇది మిగతావాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువగా వస్తుంది, వస్తే మొండిగా ఉంటుంది. థైరాయిడ్ తేడాలున్నవాళ్లకూ అంతే. అందుకే భుజం చూపించుకోవడానికి వచ్చిన మనిషిని షుగరు పరీక్షకు పంపే ఫిజియోను చూస్తే నాకు గౌరవం. కొందరికి షుగరుందన్న సంగతి తెలిసేది ఆ రోజే. ఈ తాలూకా నుంచి కువైట్‌కు ఇంటిపనికి, డ్రైవర్ పనికి పోయినవాళ్లు చాలామంది. సెలవు మీద వచ్చినప్పుడు చూపించుకునేవాళ్ల సెలవు ఎన్నాళ్లో భుజానికి తెలియదు. ఈ చిక్కు గురించి చివర్లో చెబుతాను.

లోపల జరిగేదేమిటో తెలియకపోతే పైన జరిగే చేతిపని విలువ తెలియదు. భుజం కీలు చుట్టూ కాప్సూల్ అనే పలచని సంచి ఉంటుంది. చెయ్యి దించి ఉన్నప్పుడు దాని అడుగు భాగం చంక వైపు మడతపడి వేలాడుతుంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆ మడత విచ్చుకుని చోటిస్తుంది. రవిక చంకలో దర్జీ వదిలే అదనపు గుడ్డ చేసే పని అదే. ఆ గుడ్డను లోపలికి పట్టి కుట్టేస్తే రవిక చినగకుండా చెయ్యి లేవదు. ఈ జబ్బులో సంచి వాచి, దళసరెక్కి, మడత తనలో తాను అతుక్కుపోతుంది. మామూలుగా పదిహేను మిల్లీలీటర్లకు తక్కువ కాకుండా ద్రవం పట్టే కీలులో పది కూడా పట్టని పరిస్థితి వస్తుంది. పైభాగాన ముందువైపు ఉండే లిగమెంటు బిరుసెక్కడం వల్ల చెయ్యి బయటికి తిరగడం అన్నిటికంటే ముందు పోతుంది, తర్వాత పక్కకు లేవడం, ఆ తర్వాత వీపు వెనక్కి పోవడం. ఆడవాళ్లు చెప్పే ఫిర్యాదులు సరిగ్గా ఇవే: జడ వేసుకోలేను, కొప్పు ముడి పెట్టుకోలేను, లోపలి హుక్కు అందదు.

1872లో ఫ్రాన్సులో దుప్లే ఈ బాధను వర్ణించాడు. 1934లో బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టాడు. 1945లో జూలియస్ నెవియాజర్ సంచి బిగిసిపోవడాన్ని తేల్చి చెప్పాడు. చరిత్ర ఇంతకంటే ఇక్కడ అక్కర్లేదు గానీ కాడ్‌మన్ పేరు మాత్రం మళ్లీ వస్తుంది.

ఇక చేతుల పని. మనిషిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి నొప్పి లేనంత మేర పక్కకు జరిపి, ఫిజియో ఒక అరచేతిని భుజం పైన ఎముక గుండు మీద ఆనిస్తారు. తర్వాత చేసేది బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. చెయ్యి లేవదు, తిరగదు. గుండు మాత్రం తన గుంటలో కొన్ని మిల్లీమీటర్లు కిందికో వెనక్కో జారి మళ్లీ పైకొస్తుంది. చెయ్యి పక్కకు లేవాలంటే గుండు లోపల కిందికి జారాలి. అది జారనప్పుడు బయటి నుంచి చేతిని పట్టి గుంజితే గుండు పైనున్న ఎముకకు కొట్టుకుంటుంది. అందుకని చేతిని వదిలేసి గుండునే కదిలిస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ ఈ జారుడును నాలుగు మెట్లుగా విడదీశాడు. మొదటి రెండు మెట్లలో చెయ్యి అడ్డు తగిలేదాకా పోదు, అవి నొప్పి తగ్గించడానికి. మూడు, నాలుగు మెట్లు అడ్డులోకి పోతాయి, అవి బిగువు విప్పడానికి. ఏ రోజు ఏ మెట్టు అన్న నిర్ణయం కాగితం మీద ఉండదు, అది చేతికే తెలియాలి.

చేతికి తెలిసేది రెండు రకాల అడ్డు. ఒకటి మెత్తగా మొదలై క్రమంగా గట్టిపడి నిలిచిపోతుంది. అది సంచి. రెండోది నడుమనే ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అది నొప్పికి భయపడి కండరం పట్టుకున్న పట్టు. సంచిని సాగదీయవచ్చు, భయాన్ని సాగదీయలేం. నేర్పులేని చెయ్యి రెండో అడ్డును మొదటిదనుకుని నెడుతుంది, భుజం మరింత బిగుస్తుంది. మన సీమలో ఓర్పు ఒక పరువు. "ఓర్చుకుంటాలే మేడమ్, గట్టిగా తిప్పు," అంటుంది వచ్చిన పెద్దామె. "ఓర్చుకోవద్దమ్మా, నొప్పి తెలిసిన చోట చెప్పు, ఆడ ఆపుతా," అని చెప్పే మేడమ్ దగ్గరే ఆమె బాగుపడుతుంది. ఆ రాత్రి నొప్పి పెరిగితే ఆ రోజు ఎక్కువ చేశారని అర్థం, మరుసటి రోజు తగ్గిస్తారు. నొప్పే లెక్క చూపే పుస్తకం కాబట్టి మొదటి నెలల్లో నిద్ర గురించి అడగని ఫిజియో పని సగమే అయినట్టు.

ఈ నిగ్రహం ఒట్టి మంచితనం కాదు. నెదర్లాండ్స్‌లో డీర్క్స్, స్టీవెన్స్ 77 మందిని రెండు గుంపులు చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు నొప్పి దాటి సాగదీసే తీవ్రమైన ఫిజియోథెరపీ, రెండో గుంపుకు నొప్పి హద్దులో ఉండే తేలిక కదలికలు, ధైర్యం. రెండేళ్లకు తేలిక గుంపులో 89 శాతం మందికి భుజం దాదాపు మామూలు స్థాయికి వచ్చింది, తీవ్రమైన గుంపులో 63 శాతానికే. గట్టిగా తిప్పినవాళ్ల చెమట వృథా అయింది. అలాగని జారుడు ఎప్పుడూ సుతారంగానే ఉండాలనీ కాదు. నొప్పి దశ దాటి బిగువు మాత్రమే మిగిలాక చివరి మెట్టులో, అడ్డు దగ్గర నిమిషానికి తగ్గకుండా పట్టి ఉంచడం పని చేస్తుంది. దిక్కులోనూ ఒక తమాషా ఉంది. చెయ్యి బయటికి తిరగాలంటే గుండు ముందుకు జారాలని చాలాకాలం పాఠాల్లో చెప్పారు. 2007లో ఇరవై మందితో చేసిన చిన్న అమెరికన్ పరిశీలనలో ముందుకు జార్చినవాళ్లకు సగటున 3 డిగ్రీలు పెరిగితే వెనక్కి జార్చినవాళ్లకు 31 డిగ్రీలు పెరిగింది. ఇరవై మందితో తీర్మానాలు చేయకూడదు, నిజమే. కానీ పాఠం ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకొకటి వింటున్నప్పుడు చేతిని నమ్మిన పాత ఫిజియోలు నాకు గుర్తొస్తారు.

ఇంటికి పంపేది తక్కువే, అందులోనే పనితనం. కాడ్‌మన్ ఆడించమన్న లోలకం మొదటిది: ముందుకు వంగి మంచి చేత్తో బల్లనో గోడనో పట్టుకుని జబ్బు చేతిని వేలాడదీసి, నడుము ఊపితే చెయ్యి దానంతట అదే ఊగాలి. చేతిని ఊపకూడదు, అక్కడే చాలామంది తప్పుతారు. గుండును చేతి బరువే కిందికి లాగుతుంది, కీలులో చోటు పుడుతుంది. రెండోది కట్టె. రెండు చేతుల్తో పట్టుకుని మంచి చేత్తో జబ్బు చేతిని బయటికి నెట్టడం. మూడోది దూలానికో తలుపు పైకమ్మికో కట్టిన గిలక, తాడు. రాత్రి పడుకునేటప్పుడు చెయ్యి వెనక్కి వేలాడకుండా మోచేతి కింద దిండు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు మన ప్రాంతంలో ధైర్యం. ఈ జబ్బుకు కట్టు వద్దు. ఇక్కడ విరిగిందేమీ లేదు, కదలకుండా పెట్టడమే దీన్ని పెంచుతుంది.

నొప్పి భరించలేని తొలి నెలల్లో కీలులోకి వేసే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఊరటనిస్తుంది, ముఖ్యంగా కొన్ని వారాల పాటు. అది సాగదీసే పనికి దారి తెరుస్తుంది గానీ దాని బదులు కాదు. షుగరున్నవాళ్లకు ఆ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, చూసుకోవాలి. అప్పటికీ లొంగకపోతే మత్తిచ్చి చేతిని తిప్పడం, కెమెరాతో సంచిని కోయడం ఉన్నాయి. రాయచోటి మనిషి దానికి కడపకో తిరుపతికో బెంగళూరుకో పోవాలి. బ్రిటన్‌లో 35 ఆసుపత్రుల్లో 503 మందిపై జరిపిన అధ్యయనం 2020లో వచ్చింది. మత్తులో తిప్పడం, కెమెరాతో కోయడం, ఇంజక్షన్‌తో కూడిన ఫిజియోథెరపీ, మూడింటినీ పోల్చి చూసింది. ఏడాదికి అందరూ బాగా మెరుగయ్యారు. కోత గుంపు అంకెలు కాస్త ముందున్నా మిగతావాటిని స్పష్టంగా దాటినది ఏదీ లేదు. తీవ్రమైన ఇబ్బందులు పది నమోదైతే ఎనిమిది కోతలో, రెండు మత్తులో తిప్పడంలో, ఫిజియో గుంపులో ఒక్కటీ లేదు.

మిగిలింది కాలం. నొప్పి పెరిగే దశ రెండు నుంచి తొమ్మిది నెలలు, బిగిసి ఉండే దశ నాలుగు నుంచి పన్నెండు, సడలే దశ ఐదు నెలల నుంచి రెండేళ్ల దాకా అని లెక్కలు చెబుతాయి. కొందరికి కాస్త బిగువు ఏళ్ల తరబడి మిగులుతుంది. సెలవు మీద వచ్చిన కువైట్ పనిమనిషి ముందు ఈ లెక్క పెట్టడానికి జారుడు నేర్చిన చేతికంటే పెద్ద నేర్పు కావాలి. "వచ్చే నెల టికెట్ ఉంది మేడమ్, అప్పటికి తగ్గుతుందా?" అని ఆమె అడిగితే తగ్గుతుందని చెప్పడం సులభం, ఆమె మొహంలో వెలుగూ వెంటనే వస్తుంది. పనితనం తెలిసిన ఫిజియో అలా అనరు. "నొప్పి తగ్గొచ్చమ్మా, ఎత్తు మాత్రం అంత తొందరగా రాదు. లోలకం, కట్టె నేర్చుకుని పో, ఆడ గూడా రోజూ చెయ్యి. షుగరు బిళ్ల మానొద్దు. పైనుంచి బరువులు దించే పని కొన్నాళ్లు ఇంకొకరికి చెప్పుకో," అంటారు. తర్వాత ఆమె చేతే లోలకం ఊపించి, నడుము బదులు చెయ్యి ఊగుతుంటే ఆపి, సరిగ్గా వచ్చేదాకా మళ్లీ ఊపిస్తారు.