ఎలుక చెప్పిన మాట

పిట్టలవానిపాలెంలో వరి పొట్టకొచ్చే రోజుల్లో తెల్లారేసరికి పొలాల మీంచి మందు వాసన కొట్టేది. మా మామయ్య బకెట్లో మందు పోసి, కర్ర దొరక్కపోతే చేత్తోనే కలిపేవాడు. గాలి ఎదురుతిరిగితే లుంగీ అంతా తడిసిపోయేది. ఆయనకు పిల్లల్లేరు. మందు వల్లేనని నేననను. ఆయనకెవరూ పరీక్ష చేయించలేదు. ఊళ్లో మాటలు పడింది మాత్రం మా అత్తయ్య.

తర్వాత హైదరాబాదులో ప్రయోగశాలలో పనిచేసినన్నాళ్లూ ఆ తడిసిన లుంగీయే కళ్లలో మెదిలేది. మందు మగవాడి సంతానశక్తిని దెబ్బతీస్తుందా అని తేల్చాలంటే ఎలుకలకు వారాల తరబడి మందిచ్చి, చంపి, వృషణాలు తూచి, పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూడాలి. మందు ఆపితే కోలుకునేదా? చచ్చిన ఎలుక చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే ల్యూసిఫెరేజ్ జన్యువును, వీర్యకణాలయ్యే కణాల్లోనే పనిచేసేలా చిట్టెలుకలో పెడతారు. ల్యూసిఫెరేజ్‌తో కలిసి వెలుగునిచ్చే ల్యూసిఫెరిన్ అనే పదార్థం ఎక్కించి, మత్తిచ్చి చీకటి పెట్టెలో పడుకోబెడతారు. మన కంటికి ఆనని ఆ వెలుగును బాగా చల్లబరిచిన కెమెరా పట్టుకుంటుంది. తెర మీద పొట్ట కింద రంగుల మచ్చ. మందుకు కణాలు చస్తే మచ్చ మసకబారుతుంది, కోలుకుంటే మళ్లీ వెలుగుతుంది. చిట్టెలుకలో వీర్యకణం తయారవడానికి సుమారు 35 రోజులు. ఆ రోజులన్నీ ఒకే ప్రాణిలో చూడొచ్చు. వెలుగొక్కటే చాలదు, జతకట్టించి పిల్లలు పుడతాయో లేదో చూడాల్సిందే. అయినా చంపాల్సినవి తగ్గుతాయి. తక్కువ ప్రాణులు, తక్కువ బాధ అని శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ 1959లోనే రాశారు.

అయితే ఎలుక చెబితే సరిపోదు, మనిషి వినాలి. డీబీసీపీ అనే పురుగుమందు ఎలుకల వృషణాలను కుంచింపజేస్తుందని 1961లోనే అచ్చయింది. 1977లో ఆ మందు తయారుచేసే కాలిఫోర్నియా ఫ్యాక్టరీ కార్మికులు, మనకు పిల్లలు పుట్టట్లేదేమిటని తమలో తాము మాట్లాడుకుని పరీక్షలకు పట్టుబట్టేదాకా ఆ మాట వాళ్లదాకా రాలేదు. 16 ఏళ్లు!

ప్రయోగశాలలో తేలిన సంగతి మందు డబ్బా మీద తెలుగులో, కంటికానే అక్షరాల్లో ఉండాలి. మందు కలిపే అన్నదమ్ములారా, చేతికి తొడుగు వేసుకోండి. పిల్లల్లేరని ఇల్లాలిని ఒక్క మాట అనేముందు, మీరు పరీక్ష చేయించుకోండి.