‘దివి’ శబ్దార్థవిమర్శ

చల్లపల్లి వైపునను పెనుమూడి వైపునను వారధు లేర్పడుటచే దివిసీమకు ద్వీపత్వము తొలఁగెనని తలంచుట పొరపాటు. పాణిని ‘ద్వి’శబ్దముమీఁది ‘అప్’శబ్దపు టకారమునకు ఈకారమును విధించుటచే ద్వీపశబ్దము సిద్ధించినది, దీవి, దివి తద్భవములు. ఇరుదెసల నీరుండుటయే ప్రవృత్తినిమిత్తము. దానిని దాఁటు సాధనముతో శబ్దమునకుఁ బనిలేదు. పులిగడ్డకడఁ జీలిన కృష్ణపాయలును, దక్షిణసముద్రమును నేఁటికిని గలవు.

పూర్వము రేవుకడఁ బడవకై కలసి వేచిన జనులు నేఁ డెవరి బండిలో వారు పోవుచున్నారు. ఈ మార్పు కాలసహజము. మడయడవులను నఱికి రొయ్యలచెఱువులు త్రవ్వుట యట్టిది గాదు. అలల వేగమును దగ్గించునవి యా చెట్లే. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన వేలకొలఁది ప్రాణములను గొన్న సీమ యిది. వారధినిఁ జూచి సముద్రమును మఱచుట దివివారికి క్షేమకరము గాదు. ఆ మఱపును వారించుటకు వారి సీమపేరే చాలును.