పది బోరు పనితనం

40 గజాల దూరాన నిలబెట్టిన కాగితం మీద 10 అంగుళాల వలయం గీస్తారు. ఒక్క తూటాకి ఆ వలయంలో 100 పెల్లెట్లు, అంటే తూటాలోని చిన్న గుళ్ళు, పడాలి. అమెరికాలో అడవి టర్కీ వేటకు వెళ్ళేవాళ్ళు తమ తుపాకికి పెట్టే పరీక్ష ఇది. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇందులో నెగ్గే తుపాకిని సిద్ధం చేసుకోవడానికి ఎంత ఓపిక కావాలో, చెయ్యి ఎంత తిరగాలో దగ్గరుండి చూసినవాణ్ణి. వేట కన్నా ముందు నేర్వాల్సిన విద్య అది. ఆ విద్యకు పట్టపుటేనుగు పది బోరు తుపాకి. ఈ మాట అనడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

ముందు ఆ పక్షి సంగతి. బాగా ఎదిగిన టర్కీ పుంజు 20 పౌండ్ల దాకా తూగుతుంది. ఒంటినిండా దట్టమైన ఈకలు, బలమైన రెక్కల ఎముకలు. ఒంటి మీద నాలుగు పెల్లెట్లు తగిలితే అక్కడ పడిపోదు, గాయంతో ఎగిరిపోయి ఏ పొదలోనో ప్రాణం విడుస్తుంది. అందుకే గురి ఎప్పుడూ తల మీద, మెడ మీద. ఆ సన్నని చోట, అదీ క్షణం కుదురుగా ఉండని చోట, ఒకేసారి పదీ పదిహేను పెల్లెట్లు దిగాలి. అప్పుడు పక్షికి నొప్పి తెలిసేలోపే అంతా అయిపోతుంది. పెద్ద బోరు ఉన్నది దూరం కొట్టడానికి కాదు, దట్టంగా కొట్టడానికి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్కమాటే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, ఇక్కడి పరిస్థితికి అదే న్యాయం. అమెరికా దారి వేరు. అడవులు నరికి, మాంసం బజారుకెక్కించి, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి అడవి టర్కీని దాదాపు తుడిచిపెట్టేశారు. 1937లో వచ్చిన పిట్మన్–రాబర్ట్‌సన్ చట్టం పొడుగు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్నును వన్యప్రాణుల కోసం కేటాయించింది. 1951లో సౌత్ కరోలినాలోని ఫ్రాన్సిస్ మేరియన్ అడవిలో డఫ్ హోల్‌బ్రుక్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఫిరంగి వలలు పేల్చి అడవి టర్కీలను ప్రాణాలతో పట్టి చూపించాడు. ఆ తర్వాత అలా పట్టిన పక్షుల్ని రాష్ట్రాలకు రాష్ట్రాలు పంచుకున్నాయి. నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ పుట్టిన 1973 నాటికి సుమారు 13 లక్షలున్న పక్షులు తర్వాత 60 లక్షలు దాటాయి. తూటా కొన్న ప్రతివాడి డబ్బూ అందులో ఉంది. ఆ పక్షికి వేటగాడు బాకీ పడ్డాడు. ఆ బాకీ తీర్చుకునే మొదటి మెట్టు తుపాకిని సరిగా సిద్ధం చేసుకోవడం.

ఇక బోరు లెక్క. ఒక పౌండు సీసాన్ని పది సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం పది బోరు. లోపలి వ్యాసం 0.775 అంగుళం. పన్నెండు బోరుది 0.729. తేడా చూడటానికి చిన్నదే, కానీ గొట్టం వైశాల్యంలో అది సుమారు 13 శాతం. పది బోరు మహిమంతా ఆ 13 శాతంలోనే ఉంది. 2 ఔన్సుల పెల్లెట్లను సన్నని గొట్టంలో పోస్తే నిలువుగా పేరుకుంటాయి. మందు అంటుకున్న క్షణాన పై బరువంతా అడుగు పెల్లెట్ల మీద పడి అవి నొక్కుకుపోతాయి. గుండ్రం పోయిన పెల్లెట్ గాలిలో దారి తప్పుతుంది, వలయంలో పడదు. అవే 2 ఔన్సులు పది బోరులో పొట్టిగా, వెడల్పుగా సర్దుకుంటాయి. నలిగేవి తగ్గుతాయి, కాగితం మీద పడేవి పెరుగుతాయి. అందుకే అంటాను, ఇది జబ్బబలం చూపించే తుపాకి కాదు, పెల్లెట్లను మర్యాదగా పంపే తుపాకి.

మూడున్నర అంగుళాల పది బోరు మాగ్నం తూటా 1932లో ఇథాకా కంపెనీ జంట గొట్టాల తుపాకితో వచ్చింది. 1975లో అదే ఇథాకా మ్యాగ్–10 అనే సెమీ ఆటోమేటిక్‌ని తెచ్చింది. ఆ నమూనానే మెరుగుపరిచి రెమింగ్టన్ 1989లో ఎస్‌పీ–10గా విడుదల చేసింది. సుమారు 11 పౌండ్ల బరువు. మోయడం కష్టమని గొణిగేవాళ్ళున్నారు. టర్కీ వేటలో రోజంతా తుపాకి పట్టుకుని పరుగెత్తేదేమీ లేదు, చెట్టుకు వీపు ఆనించి, మోకాలి మీద తుపాకి పెట్టుకుని కూర్చునే పని. పేలినప్పుడు భుజాన్ని తన్నే దెబ్బలో కొంత ఆ బరువే మింగేస్తుంది. గ్యాస్‌తో నడిచే యంత్రాంగం మరికొంత తగ్గిస్తుంది.

గొట్టం కొసను కాస్త బిగించి పెల్లెట్లు చెదరకుండా చేసే చోక్ ఎవరి ఆలోచన అంటే, ఇలినాయ్ బాతుల వేటగాడు ఫ్రెడ్ కింబుల్‌ది అని అమెరికన్లు, 1866లోనే పేటెంట్ తీసుకున్న న్యూకాసిల్‌కు చెందిన పేప్‌ది అని ఇంగ్లీషువాళ్ళు వాదించుకుంటారు. ఎవరిదైతేనేం, దాన్ని శిఖరానికి చేర్చినవాడు బర్ట్ బెకర్ అనే గన్‌స్మిత్. ఆ రోజుల్లో 40 గజాల మీద 30 అంగుళాల వలయంలో నూటికి 70 పెల్లెట్లు పడితే ఫుల్ చోక్ అనేవారు. బెకర్ గొట్టాన్ని లోపల వెడల్పు చేసి, కొసను తన చేత్తో తీర్చి, నూటికి 90 వేయించాడు. 1920లలో నాష్ బకింగ్‌హామ్ అనే రచయిత కోసం ఆయన గొట్టాలు తీర్చిన ఫాక్స్ తుపాకికి దాని మోతను బట్టి ‘బో వూప్’ అని పేరు వచ్చింది. 1948లో ఆర్కన్సాలో కారు ఫెండర్ మీద పెట్టి మరిచిపోతే అది పోయింది. దశాబ్దాల తర్వాత బయటపడి 2010 వేలంలో 2 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది బాతుల తుపాకి, పన్నెండు బోరు. అయినా దాని గొట్టంలో బెకర్ చేసిన పని ఏమిటో చూడండి: బోరు పెంచడం! పన్నెండుని పదికి దగ్గరగా జరపడం! మహానుభావులందరి దారీ చివరికి వెడల్పు గొట్టం వైపే.

సౌత్ కరోలినాలో నేనెరిగిన ఒక పెద్దాయన పది బోరును సిద్ధం చేసే తీరు చూస్తే ఒక కచేరీకి శ్రుతి చేస్తున్నట్టే ఉంటుంది. తూటా లేదని రెండుసార్లు చూసి, వేలు పెట్టి తడిమి గాని మొదలుపెట్టడు. ముందు గొట్టం శుభ్రం. తూటాలోని ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుని పేరుకుంటుంది, దాన్ని ద్రావకంతో, బ్రష్‌తో అద్దంలా తేలేదాకా తీస్తాడు. చోక్ మరలు తుడిచి, నూనె చుక్క రాసి, చేత్తో బిగించి, ప్రతి కొన్ని తూటాలకీ వదులైందేమో చూస్తాడు. చోక్ లేకుండా పేలిస్తే మరలు పోతాయి. మరీ బిగువైన టర్కీ చోక్‌లోంచి స్టీలు పెల్లెట్లు పంపిస్తే గొట్టానికే ప్రమాదం. పాత పది బోరు జంట గొట్టాలు చాలావాటిలో తూటా పట్టే గది 2⅞ అంగుళాలే, వాటిలో 3½ అంగుళాల మాగ్నం తూటా ఎన్నటికీ పెట్టకూడదని కొత్తవాళ్ళకు ఒకటికి పదిసార్లు చెప్తాడు.

తర్వాత కూర్పు. ఎగిరే పక్షిని కొట్టేటప్పుడు నిలబడి తుపాకి తిప్పుతాం, టర్కీని కూర్చుని రైఫిల్‌లా గురిచూస్తాం. పుంజు ఎదురుగా వచ్చి నిలిస్తే దాన్ని చూడాలన్న ఆత్రంలో బుగ్గ స్టాక్ మీంచి లేస్తుంది. బుగ్గ లేస్తే గొట్టమూ లేస్తుంది, దెబ్బ తల మీదుగా పోతుంది. దగ్గర పక్షులు తప్పిపోవడానికి పెద్ద కారణం ఇదే. కొసన ఒక్క గురి పూస ఉన్న తుపాకి ఈ తప్పును పట్టివ్వదు. అందుకే ఆయన నడిమధ్య రెండో పూసో, ముందూ వెనకా గురిగుర్తులో, లేదంటే ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాటో ఉండాల్సిందే అంటాడు. స్టాక్ పొడుగు కూడా వేసవి చొక్కాతో కాదు, వేటకు వేసుకునే కోటుతో, కింద కూర్చుని సరిచూడాలి.

ఇప్పుడు కాగితం. మూడడుగుల పెద్ద కాగితం, మధ్యలో చుక్క. మొదట 20, 25 గజాల నుంచి తేలికైన చవక తూటాతో, తుపాకిని బల్ల మీద ఆనించి పేలుస్తాడు. పెల్లెట్ల గుంపు నడిబొడ్డు చుక్క మీదే పడిందా, ఎడమకో పైకో జరిగిందా? ఎంత బిగువు చోక్ పెట్టినా గుంపు ఆరంగుళాలు పక్కకు పడితే వ్యర్థం. ఇది తేలేదాకా బరువు తూటా జోలికి పోడు. భుజం అలిసిపోతే మనిషి ట్రిగ్గర్ నొక్కకుండా లాగేస్తాడు, అప్పుడు కాగితం మీద కనపడేది తుపాకి గుణం కాదు, మన భయం.

ఆ తర్వాతే చోక్, తూటా జత కుదర్చడం. నెంబరు 5 సీసం ఔన్సుకు సుమారు 170 పెల్లెట్లు, నెంబరు 6 అయితే 225. చిన్నవాటితో గుంపు చిక్కనవుతుంది, పెద్దవాటిలో దిగే సత్తువ ఎక్కువ. ఏది ఏ గొట్టానికి నచ్చుతుందో పేల్చి చూస్తే తప్ప తెలియదు. పక్కపక్కనే తయారైన రెండు తుపాకులకు కూడా ఒకే తూటా నప్పదు. అతి బిగువు చోక్ కొన్నిసార్లు గుంపును చెదరగొడుతుంది, ఒక మెట్టు వదులైతే చక్కగా కుదురుతుంది. పెద్దాయన ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. చోక్ మారిస్తే తూటా మార్చడు, తూటా మారిస్తే చోక్ మార్చడు. ప్రతి జతకూ మూడు కాగితాలు, మధ్యలో గొట్టం చల్లారనివ్వడం. గుంపు ఎక్కడ చిక్కగా ఉందో అక్కడ 10 అంగుళాల వలయం గీసి ఒక్కొక్క రంధ్రాన్నీ పెన్సిలుతో కొట్టేస్తూ లెక్కపెడతాడు. కాగితం మూల తేదీ, తూటా పేరు, దూరం. దశాబ్దాల కాగితాలు చుట్టలు చుట్టి దాచిపెట్టుకున్నాడు. ఏ మ్యూజియంలోనో పెట్టాల్సిన నిధి అది!

అన్నిటికన్నా విలువైన పాఠం ఆఖర్న ఉంటుంది. 10 గజాల్లో గుంపు పిడికిలంతే ఉంటుంది, అంత దగ్గర పక్షి మీద గురి తప్పడం ఎంత తేలికో తెలియాలి. 20, 30, 40 గజాల్లో పేల్చి, 100 కన్నా తగ్గిన చోట గీత గీసుకోవాలి. అడవిలో ఆ గీత దాటి ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. మిగిలిన దూరాన్ని పక్షి చేత నడిపించాలి. గ్రీన్‌వుడ్ అనే ఊరికి చెందిన నీల్ కాస్ట్ అనే ఆయన చేతితో చెక్కిన పెట్టెల మీద మూత రుద్దితే వచ్చే పెట్ట కూతకు పుంజులు నడిచొచ్చేవని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ పెట్టెల కోసం సేకరించేవాళ్ళు వేల డాలర్లు పోస్తున్నారు. ఊరికే పోస్తున్నారా? పక్షిని పిలవడం వచ్చినవాడికి దూరం కొట్టే తుపాకి అక్కర్లేదు. గురి ముందున్నది పుంజు తలే అని నిశ్చయంగా కనపడేదాకా ఆగడం కూడా ఈ పనితనంలో భాగమే. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం కాబట్టి ఆ రంగులు ఒంటి మీద లేకుండా అడవికి రావాలన్న కట్టుబాటు ఉన్నది మనుషుల ప్రాణం కోసం.

ఇప్పుడీ విద్యకు పట్టిన గతి చూస్తే కడుపు రగులుతుంది. 1988లో మాస్‌బర్గ్ 835 తుపాకితో పాటు పన్నెండు బోరులో మూడున్నర అంగుళాల తూటా వచ్చి, పది బోరు పని అయిపోయిందని చాటింపు వేసింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ 835 గొట్టం లోపలి వ్యాసం ఎంత? 0.775 అంగుళం! పది బోరు గొట్టాన్నే తెచ్చి పన్నెండు పేరు పెట్టుకున్నారు, పైగా పదిని పాతచింతకాయ పచ్చడి అన్నారు. ఎస్‌పీ–10 తయారీ ఆగిపోయింది. పది బోరు తూటాలు దుకాణం అరల్లో వెతుక్కోవాల్సి వస్తోంది, దొరికినా ధర మండిపోతోంది.

తర్వాత టంగ్‌స్టన్ మిశ్రలోహపు పెల్లెట్ వచ్చింది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11 గ్రాములైతే దీనిది 18. నెంబరు 9 అంతటి సన్నని పెల్లెట్ కూడా నెంబరు 5 సీసంలా దిగుతుంది. ఔన్సులో 360 దాకా పడతాయి. మంచి సరుకే, కాదనను. ఇరవై బోరుతో, అంతకన్నా సన్నని .410 తుపాకితో పిల్లలు కూడా భుజం నొప్పి లేకుండా వేటాడగలుగుతున్నారంటే సంతోషమే. నా కోపం లోహం మీద కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని 60 గజాలు, 70 గజాలు అని గొప్పలు అమ్ముకునేవాళ్ళ మీద. అట్ట మీద టర్కీ బొమ్మ వేసి, ఏ గొట్టానికి సరిపోతుందో చెప్పకుండా అంటగట్టే చవకబారు చోక్‌ల మీద. ఆకుల రంగు పూసిన తుపాకి శుక్రవారం కొని, ఒక్క కాగితమైనా చూడకుండా శనివారం అడవికి పోయేవాళ్ళ మీద. వాళ్ళు గాయపరిచి వదిలేసిన పుంజు లెక్క ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు.

ఆ లెక్క ఇప్పుడు మరీ ముఖ్యం. ఆగ్నేయ రాష్ట్రాల్లో టర్కీలు మళ్ళీ తగ్గుతున్నాయి. జార్జియా, అలబామా, టెనెసీ ఈమధ్య సీజన్ ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ అనుమతించే పక్షుల సంఖ్య తగ్గించాయి. తగ్గుతున్న పక్షి మీద చెదిరిన గుంపును విసరడం వేట అనిపించుకోదు.

కాబట్టి అమెరికాలో స్థిరపడి, లైసెన్సు తీసుకుని ఈ వేటలోకి అడుగుపెట్టే మన తెలుగువాళ్ళకు నా విన్నపం ఇది. తుపాకి కన్నా ముందు కాగితం కొనండి. మీ ఊళ్ళో పది బోరు పట్టిన పెద్దవాళ్ళెవరైనా మిగిలి ఉంటే వాళ్ళ పక్కన కూర్చోండి, వాళ్ళు గీసిన వలయాలు చూడండి, అడిగి నేర్చుకోండి. పాత ఎస్‌పీ–10 కనపడితే గోడకు తగిలించకండి, మంచి గన్‌స్మిత్‌కు చూపించి వాడుకలోకి తెండి. మీ చేతిలో ఏ బోరున్నా సరే, 100 పెల్లెట్ల గీత ఎక్కడుందో తేల్చుకుని దానికి కట్టుబడండి. తయారీదార్లకూ ఒక మాట: పది బోరును మళ్ళీ పోతపోయండి, దానికి సరైన తూటాలు చెయ్యండి. కొనేవాళ్ళు లేరని సాకు చెప్పకండి, దాని పనితనం కాగితం మీద చూపించండి, కొనేవాళ్ళు వాళ్ళే వస్తారు.