జంట తీగెల జాగరూకత

సర్వరునకు రెండు నెట్‌వర్కు పోర్టులుండుట వేరు. ఒకటి చచ్చినప్పుడు రెండవది ఆ భారమును తత్‌క్షణమే తలకెత్తుకొనుట వేరు. ఈ రెంటికి నడుమనున్న దూరమును దాటించు విద్యకే లినక్సు లోకమున బాండింగ్ అని పేరు. దానిని చక్కగా సాధించిన వాని పనితనమును ఎన్నిమారులు చూచినను నాకు తనివి తీరదు.

చరిత్రను విస్తరించి చెప్పనక్కరలేదు. 1994లో నాసా వారి గొడ్డార్డ్ కేంద్రమున థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనువారు పదునారు 486 యంత్రములను కూర్చి బేవుల్ఫ్ అను సమూహమును కట్టిరి. 10 మెగాబిట్ల ఈథర్నెట్టు వాని వేగమునకు చాలకపోగా ఒకటికి మించిన ఈథర్నెట్టులను జోడించిరి. వేగముకొరకు పుట్టిన ఆ జోడింపే పిమ్మట రక్షణకు అక్కరకు వచ్చినది.

బాండింగ్‌నకు 0 మొదలు 6 వరకు ఏడు రీతులు గలవు. వీనిలో యాక్టివ్-బ్యాకప్ అను ఒకటవ రీతికి నేను పక్షపాతిని, దాచుకొనను. 2000లో ప్రమాణమైన 802.3ఏడీ రీతి రెండు కేబుళ్ల వేగమును ఇచ్చుమాట నిజమే. కాని దానికి స్విచ్చుతో ఒడంబడిక కావలెను, రెండు కేబుళ్లను రెండు స్విచ్చులకు పంపవలెనన్నచో ఆ స్విచ్చులు తామొక్కటియై నటింపగలవియై యుండవలెను. యాక్టివ్-బ్యాకప్‌నకు ఈ ప్రాధేయపడుట లేదు. ఒక పోర్టు పనిచేయుచుండును, రెండవది వేరొక స్విచ్చునకు తగిలి వేచియుండును. మొదటిది పడిపోయిన క్షణముననే అదే మాక్ చిరునామాతో రెండవది ముందునకు వచ్చి, ఎవరును అడుగకయే ఏఆర్‌పీ ప్రకటనను పంపి, "ఇకమీదట ఈ చిరునామా ఈ దిక్కున నున్నది" అని స్విచ్చులకు తెలియజేయును. పల్లకిలోనివారికి కుదుపు తెలియకుండ బోయీలు భుజము మార్చుకొన్నట్లు, అవతల డేటాబేసుతో మాటలాడుచున్న ప్రోగ్రాము తన సంభాషణ తెగకయే సాగిపోవును.

అయితే అసలు నైపుణ్యము మార్చుటలో లేదు, మరణమును సరిగా గుర్తించుటలో నున్నది. ఎమ్‌ఐఐ-మాన్ అను అమరికకు 100 మిల్లీసెకన్లు ఇచ్చినచో డ్రైవరు అంత వ్యవధికొకసారి లింకు నిలిచియున్నదా లేదా అని చూచును. సున్న ఇచ్చినచో లింకును అసలే చూడదు. కాని లింకు దీపము పచ్చగా వెలుగుచున్నను ఆ స్విచ్చునకు ఆవలి దారి తెగియుండవచ్చును గదా! అప్పుడు ప్యాకెట్లు శూన్యమున పడును, డ్రైవరు నిశ్చింతగా నిద్రించును. ఇందుకొరకే ప్రవీణులు ఏఆర్‌పీ పర్యవేక్షణను ఎంచుకొని, గేట్‌వేను మాటిమాటికి పలుకరించి, జవాబు నిజముగా దానిదియేనా అని పరీక్షించు అమరికను జతచేయుదురు. సొలారిస్‌లో సన్ వారు నిర్మించిన ఐపీఎమ్‌పీ యందును ఇదే వివేకము గలదు: పరీక్షకై కేటాయించిన చిరునామాలనుండి పలుకరింపులు పంపి, సాధారణముగా 10 సెకన్లలోపల వైఫల్యమును తేల్చును.

ఇంకొక సూక్ష్మమున్నది, పనివాని చేయి ఇచటనే తెలియును. పడిన కేబులు తిరిగి లేచినప్పుడు స్విచ్చులో వలయములను నివారించు స్పానింగ్ ట్రీ ఆ పోర్టును వినుటకు 15, నేర్చుకొనుటకు 15, వెరసి 30 సెకన్లు నిలిపియుంచును. డ్రైవరు తొందరపడి తన ప్రధాన పోర్టునకు తిరిగి దూకినచో ఆ అర నిమిషము సర్వరు మూగవోవును. నేర్పరియైనవాడు అప్‌డిలే అమరికతో దానిని ఆపును. లేదా, పనిచేయుచున్న పోర్టు పడువరకు మారవలదని ప్రైమరీ రీసెలెక్ట్‌ను దిద్దును. ఒక్క పంక్తి, కాని ఆ పంక్తి వెనుక ఎంత అనుభవము!

సర్వరే కూలినచో ఈ జంట కేబుళ్లు చాలవు. చిరునామాయే వేరొక యంత్రమునకు వలసపోవలెను. 1998లో వెలువడిన వీఆర్‌ఆర్‌పీ దీనిని రౌటర్లకొరకు నిర్దేశించినది: యజమానియైన రౌటరు సెకనుకొకసారి తానున్నట్లు ప్రకటించుచుండును, మూడు ప్రకటనలు రాకపోయినచో, సాధారణ ప్రాధాన్యమైన 100 గల ప్రత్యామ్నాయ యంత్రము సుమారు 3.6 సెకన్లలో పదవి నధిష్ఠించును. అలెగ్జాండర్ కాసెన్ రచించిన కీప్‌అలైవ్‌డీ ఈ పద్ధతిని లినక్సు సర్వర్లకు అందించినది. కాని నా హృదయము ఓపెన్‌బీఎస్‌డీ వారి కార్ప్‌నందే నిలిచియున్నది. వీఆర్‌ఆర్‌పీపై పేటెంటు నీడ పడగా, ఆ వీరులు తలవంచక, సందేశములకు గూఢలిపి ముద్ర వేయు స్వంత పద్ధతిని నిర్మించి 2004లో 3.5వ విడుదలలో లోకమునకు ఉచితముగా నిచ్చిరి. కనెక్షన్ల స్థితిని రెండు యంత్రములకు పంచు పీఎఫ్‌సింక్‌తో జతపరచినచో ఒక ఫైర్‌వాల్ నిలువునా ఆగిపోయినను సాగుచున్న కనెక్షన్లు రెండవ యంత్రము మీదుగా నడచును. రయన్ మెక్‌బ్రైడ్ ప్రభృతుల ఈ కృషికి ఎన్ని నమస్కారములు చేసినను చాలవు.

ఇట్టి విద్య నేడు ఏ గతి పట్టినది! ఒకే కార్డుమీది రెండు పోర్టులను కట్టి, రెండు కేబుళ్లను ఒకే స్విచ్చులో గ్రుచ్చి, ఆ స్విచ్చునకు ఒకే విద్యుత్తు ప్లగ్గు నిచ్చి, దస్తావేజులో "రిడండెన్సీ కలదు" అని వ్రాయుచున్నారు. ఇది రక్షణ కాదు, రక్షణకు వేషము. ఎక్కడనుండియో తెచ్చిన అమరికను అర్థము తెలియక అతికించి, ఎమ్‌ఐఐ-మాన్‌ను చూడనైనను చూడక, ఒక్కమారైనను కేబులు లాగి పరీక్షింపక సర్వరును అప్పగించుచున్నారు. "క్లౌడు చూచుకొనునులే" యని యువకులు అనుచున్నారు. ఆ క్లౌడు క్రింద నున్నవియు కేబుళ్లే, స్విచ్చులే, వానిని కాచువారును మనుష్యులే. బాండింగ్‌నకు బదులుగా నవీనమని తెచ్చిన టీమింగ్‌ను రెడ్ హ్యాట్ వారు తమ 9వ విడుదలలో కాలము చెల్లినదిగా ప్రకటించి బాండింగ్‌నే శరణుజొచ్చిరి. పాతదని చులకన చేసినవారు దీనిని గమనింతురు గాక.

సర్వర్లను స్వీకరించి సంతకము చేయు అధికారులారా, మీకొక విన్నపము. రద్దీ లేని ఒక రాత్రి ఆ పనివానికి సమయమును, ఆ రాత్రికి తగిన వేతనమును ఇండు. ఎడతెగక పింగ్ నడచుచుండగా మీ కన్నులయెదుటనే మొదట ఒక కేబులును, అది తిరిగి కుదురుకొన్న పిదప రెండవదానిని, ఆ తరువాత ఒక స్విచ్చును, తుదకు ఆవలి దారిని ఆపి చూపుమని కోరుడు. ఎన్ని జవాబులు తప్పినవో, తిరిగి కలుపునప్పుడు ఎన్ని తప్పినవో వేరువేరుగా వ్రాయించుడు. ఆ కాగితము మీ చేతికి వచ్చువరకు సంతకము చేయకుడు.