ఉలి మొన మీద పరుగెత్తే రంగులు

రాళ్లు కొట్టే ఉలి నాలుగు రోజుల్లో మొద్దుబారుతుంది. కొలిమికి తెస్తే కమ్మరి మొనను రెండు మూడంగుళాల మేర కాల్చి, దాగలి మీద సాగగొట్టి, మళ్లీ ఎర్రగా కాలుస్తాడు. ఈసారి అంగుళం మేరే నీళ్లలో ముంచుతాడు. ముంచి ఊరుకోడు, పైకీ కిందికీ మెల్లగా ఆడిస్తుంటాడు. కదలకుండా పట్టుకుంటే గట్టిపడిన భాగం నీటిమట్టం దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. ఉలి ఆ గీత దగ్గరే విరుగుతుంది.

సుమారు 780 డిగ్రీల దగ్గర ఇనుప పరమాణువుల అమరికలో ఉక్కులోని కార్బన్‌కు చోటు దొరుకుతుంది. నిదానంగా చల్లారితే కార్బన్ బయటికి జరుగుతుంది. నీళ్లలో ముంచితే జరిగే వ్యవధి లేక ఇరుక్కుపోయి, అమరికనే సాగదీస్తుంది. ఇదే మార్టెన్‌సైట్. జర్మన్ లోహశాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద వచ్చింది. దీని మీద ఆకురాయి జారిపోతుంది. కానీ గాజులాగే పెళుసు. ఇలాగే రాతి మీద పెట్టి కొడితే మొన ఎగిరిపోతుంది.

అసలు తెలివి ఇక్కడుంది. మొన చల్లబడినా పైభాగంలో వేడి మిగిలే ఉంది. రెండోసారి కొలిమిలో పెట్టే పనిలేదు. మొనను ఇసుకరాయి మీద రుద్ది మెరిపించి, కమ్మరి చూస్తూ ఉంటాడు. పైనుంచి వేడి దిగుతుంటే రంగుల పట్టీలు మొనవైపు జరుగుతాయి: 220 డిగ్రీలు దాటాక లేత గడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280కి ఊదా, 300కి నీలం. కొలిమి చీకటిగా ఉండేది ఈ రంగుల కోసం కాదు, అంతకుముందు ఎరుపు ఆనవాలు కోసం.

ఆ రంగు నిజానికి వెంట్రుక మందంలో వెయ్యో వంతుండే ఆక్సైడ్ పొర. మందం పెరిగేకొద్దీ కాంతి మరో రంగుగా కనిపిస్తుంది. అదే వేడికి లోపల ఇరుక్కున్న కార్బన్ సన్నని కణాలుగా విడివడి బిగువు సడలుతుంది. గట్టిదనం కొంత తగ్గి, దెబ్బ ఓర్చే గుణం వస్తుంది. రాతి ఉలికి గోధుమ అంచున, ఇనుము నరికే ఉలికి ఊదాలో ఆపాలి. స్ప్రింగుకైతే నీలం. కోరిన పట్టీ మొనకు చేరగానే మళ్లీ నీళ్లలో ముంచేస్తాడు. మొన గట్టిగా, వెనక భాగం దెబ్బ ఓర్చేదిగా ఒకే కమ్మీలో రెండు గుణాలు కుదిరాయి.

వాన పడిన నేలకు పదును, కత్తి అంచుకు పదును, ఈ పనికీ పేరు పదునే. ఇంత పదును పట్టిన ఉలిని కరెంటు సానచక్రానికి కాస్త గట్టిగా అదిమితే మొన క్షణంలో నీలం తిరుగుతుంది. ఆ నీలాన్ని రుద్ది పోగొట్టవచ్చు. మొన మాత్రం మెత్తబడింది, మళ్లీ కొలిమికే పోవాలి.