ప్రజెంట్ సార్

పిల్లల భయాలు మా కౌన్సెలింగ్ గదికి రావు. జనగామ బాబుకు స్కూలు బస్సు వచ్చే వేళకే కడుపునొప్పి. భూపాలపల్లి పిల్లవాడు ఓపెన్‌కాస్ట్ గని పేలుళ్లకు చెవులు మూసుకుంటాడు. వరంగల్లో నా ఎదుట మాత్రం ఇద్దరూ నిమ్మళంగా కూర్చుంటారు. ఇలాంటి భయాలకు చేసే ఎక్స్‌పోజర్ థెరపీ అంటే భయపడే పనినే కొంచెం కొంచెంగా చేయించడం. 1924లో మేరీ కవర్ జోన్స్ కుందేలంటే జడిసే పీటర్ దగ్గరికి దాని పంజరాన్ని మెల్లమెల్లగా జరిపించింది. మరి ఆ కుందేలు అరవై కిలోమీటర్ల అవతల ఉంటే?

జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ మూడూ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, మిగతా రెంటికీ మరుసటి ఏడాది మెడికల్ కాలేజీలొచ్చాయి. అయినా కూలి పోగొట్టుకుని వారం వారం బస్సెక్కడం ఎంతమంది తల్లుల వల్ల అవుతుంది? అందుకే ఫోన్ పట్టాను.

మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల ఒకతె ఇంట్లో లంబాడీల గోర్ బోలిలో గలగలా మాట్లాడుతుంది. బడిలో హాజరు పిలిస్తే గొంతు పెగలదు. పక్కనున్న దోస్తే ఆమె బదులు ‘ప్రజెంట్ సార్’ అనేది. ‘జడుసుకున్నది మేడం’ అంటూ వాళ్లమ్మ అంత్రం కట్టించింది. అంత్రం తీయమనలేదు. దోస్తును మాత్రం ఆగమన్నాను. ప్రేమతోనే అయినా, ఆ సాయం అందినన్నాళ్లూ భయం ముదురుతూనే ఉంటుంది.

మొదటి మెట్టు, ఇంట్లో ఆ రెండు మాటలు రికార్డు చేయడం. తర్వాత నాకు వాయిస్ మెసేజ్. ఆ పైన, తను ఎదురుగా నిలబడి ఉండగా సారు దాన్ని వినడం. ఆ తర్వాత ఖాళీ తరగతిలో సారుకే చెప్పడం. భయం పదికి ఎంతో వేళ్లతో చూపమన్నాను. వీడియో కాల్‌లో ఎనిమిది వేళ్లు లేచాయి. నేను ఓదార్చలేదు, కాల్ కట్ చేయలేదు. కాసేపటికి ఆరు. ఇంకాసేపటికి మూడు. భయం దానంతటదే దిగుతుందని ఆ పిల్ల తన వేళ్ల మీదే చూసుకుంది.

మయో క్లినిక్ వాళ్ల ‘యాంగ్జయిటీ కోచ్’ యాప్ ఇలాంటి మెట్లనూ అంకెలనూ ఫోన్‌లోనే రాయించుకునేలా తయారైంది. తెలుగులోనూ అలాంటిది రావాలి, చదువురాని అమ్మకు మాటల్లో చెప్పేలా. కానీ వాయిస్ మెసేజ్‌తోనే పని గడిచిపోతే, దోస్తు బదులు ఫోన్ పలుకుతుందంతే. చివరి మెట్టులో ఫోన్ ఉండకూడదు. ఆ పిల్ల ఇప్పుడు తల వంచుకునే అయినా హాజరు పలుకుతోంది. పాఠం పైకి చదవడం ఇంకా మిగిలే ఉంది.

ఎవరిని అడగాలో తెలియనివాళ్లకు 2022 అక్టోబర్ నుంచి టెలి మానస్ ఉంది. 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇలాంటి కాల్స్ కోసం బడులను నేను అడిగేది, సిగ్నల్ అందేచోట అరగంట తలుపు వేసుకోగల గది. పిల్ల నాతో చెప్పిన మాట స్టాఫ్ రూమ్ దాకా పోకూడదు.