పడిగె ఊరు దాటే ముందు

ఎగ్జిబిషన్ కోసం గ్యాలరీవాళ్లు పంపే ఫారంలో 'యజమాని పేరు' అని ఒక గడి ఉంటుంది. భద్రాచలం, మణుగూరు అడవుల్లోని కోయగూడేలకు ఆ గడి కుదరదు. మూడు మూలల పడిగె గుడ్డ మీద ఉన్నది ఒక గట్టు (గోత్రం) వేల్పుల కథ. భద్రంగా దాచేది ఒక ఇల్లు, విప్పి పాడేది డోలి వాయించే కళాకారుడు, హక్కు మాత్రం ఆ వేల్పును కొలిచే అందరిదీ. గూడెం పెద్దలందరినీ కూర్చోబెట్టి మాట్లాడకుండా, దొరికిన కుర్రాడిచేత సంతకం పెట్టించుకుని జీపెక్కించడం అన్యాయం. వేల్పుల కొలుపు నాటికి పడిగె ఇల్లు చేరాలి కాబట్టి ఒప్పంద కాగితంలో తిరిగిచ్చే తేదీయే ముందు రాయాలి.

కొమ్ము నృత్యానికి తలకు కట్టుకునే అడవిదున్న కొమ్ములది ఇంకో చిక్కు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిదున్న వేట నేరం. తాతల నాటి కొమ్ము చిట్లితే ఎంత డబ్బు పోసినా మరొకటి రాదు. అందుకే మొన, పాత బీట, నెమలీకల కుచ్చు, బిగించిన తాళ్లు, అన్నిటికీ ఇరుపక్షాల ఎదుట ఫొటోలు తీసి రాసుకోవాలి. రవాణా, బీమా ఖర్చు అడిగినవాళ్లదే.

పాట లెక్క వేరు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ కథ పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతు లేకపోతే అద్దాల పెట్టెలోని పడిగె ఉత్త గుడ్డే. పాడినవారికి రోజువారీ పారితోషికం, దారిఖర్చు, బస విడిగా తేల్చుకోవాలి. రికార్డు చేయాలంటే మళ్లీ అడగాలి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకుడికి 50 ఏళ్ల హక్కు ఇచ్చింది.

ఇక గూడెం చిత్రకారులు అమ్మకానికి పెట్టే బొమ్మలకు ధర, కమిషన్, డబ్బు చేతికందే గడువు రాసుకోవాలి. ధరలో సగం దాకా అడిగే గ్యాలరీలున్నాయి; అంత తీసుకునేవాళ్లు ఫ్రేమ్, ప్రచారం ఖర్చులు కూడా భరించాలి. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదు. దాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి, గడువు రాయకపోతే చట్టం లెక్కన అయిదేళ్లే. క్యాలెండర్ల మీద, చీరల మీద అచ్చేసే ముందు ఆ హక్కు రాసిచ్చారా అని గట్టిగా అడగాలి.

కాగితాన్ని పెద్దలకు కోయభాషలో చదివి వినిపించి, ఒక ప్రతి గూడెంలోనే ఉంచి రావాలి. అందుకు ఇంకో రోజు ఆగాల్సి వస్తే గ్యాలరీ మనిషి ఆగాల్సిందే.